గంట ముందా, దెబ్బ ముందా

క్యాసెట్టక్క కుడిచేతి చిటికెన వేలు నిటారుగా చాపడానికి రాదు. పెళ్ళైన కొత్తలో వీడియో డెక్కులో టేపు చిక్కుకుంటే తియ్యమన్నాడు, పెళ్ళి వీడియోలు తీసే మొగుడు. ఆమె వేలు లోపలుండగానే మూతమీద మోచెయ్యి ఆనించి బరువంతా మోపాడు. ఎవరిదో పెళ్ళి క్యాసెట్టు మీద ఇంకేదో రికార్డు చేసిందని కోపం. చేసింది ఆయనే, తాగిన మైకంలో. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పట్లో ఆమె తమ్ముడు వాళ్ళింట్లోనే ఉండేవాడు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకు పెంచింది ఆమే. ఆ రోజు వాడు బావ పిక్క పట్టుకుని కొరికాడు. బావ విదిలించి తన్నితే గడపకి తగిలి కనుబొమ చీలింది. ఇప్పటికీ అక్కడ వెంట్రుక మొలవదు. వాడేం చేసినా అక్క నోరు మూసుకోవడానికి ఆ కాస్త బోడి చాలు.

మొగుడు తాగి పడుకుంటే కత్తిరింపులూ అతికింపులూ ఆమె చేసేది. అలా పని వచ్చింది. ఒకసారి వీధిలో అందరూ చూస్తుండగా జుట్టు పట్టుకున్నాడు. ఆమె కెమెరా స్టాండు మూడు కాళ్ళూ కలిపి పట్టుకుని ఆయన మోకాలి చిప్పమీద కొట్టింది. పడ్డాక ఇంకోటి కొట్టింది. వారం తరవాత కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. కెమెరాలు పట్టుకుపోయి, డెక్కులు బరువని వదిలేశాడు. బరువైనవన్నీ ఆమెకి వదిలేయడం ఆయనకి మొదట్నుంచీ అలవాటే.

ఆ డెక్కులే ఆమెని బతికించాయి. క్యాసెట్ల కాలం పోయాక, జనం అటకలమీంచి బూజు పట్టిన టేపులు దించి కంప్యూటర్లోకి ఎక్కించమని తెచ్చేవాళ్ళు. వెనక గదిలో డెక్కులు, టీవీ, కంప్యూటరు, స్పిరిట్ సీసా, మెత్తటి గుడ్డలు. ముందు గదిలో బల్ల, బల్ల వెనక తమ్ముడు.

పని విషయంలో అక్కాతమ్ముళ్ళకి రోజూ గొడవే. టేపు తిరుగుతున్నప్పుడు ఉన్నదున్నట్టు పట్టుకోవాలి, ఒక్క చుక్క పారేయకూడదు అంటుంది ఆమె. ఆ ఫైలు ఏనుగంత అవుతుంది, అయినా సరే. దాన్ని పక్కన పెట్టుకుని, ఫోనులో చూసుకోవడానికి చిన్న కాపీ తరవాత తీరిగ్గా చేసివ్వాలి. తమ్ముడిది వేరే లెక్క. టేపు తిరుగుతుండగానే కుదించేస్తే ఒకే దెబ్బకి పని అయిపోతుంది కదా అంటాడు.

"దుప్పటి మడతపెట్టి పెట్టెలో పెట్టడం వేరు, పట్టలేదని అంచులు కత్తిరించి పెట్టడం వేరు. మడత విప్పితే దుప్పటి వస్తుంది. కత్తిరించింది మళ్ళీ రాదు," అనేది ఆమె.

"కప్పుకునేవాడికి అంచులెందుకే అక్కా? కాళ్ళు కప్పితే చాలదూ," అనేవాడు వాడు.

వాడి మాటలకి వీధంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది.

పిత్తాశయంలో రాళ్ళకి కోత పెట్టించుకుని ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో దున్న ఒక క్యాసెట్టు తెచ్చి తమ్ముడి చేతికిచ్చాడు.

దున్న అంటే బాక్సింగు రోజుల్లో జనం పెట్టిన పేరు. అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయారు. తల దించుకుని మీదికి నడిచి వచ్చేవాడు, ఎంత కొట్టినా వెనక్కి పోయేవాడు కాదు. పాతికేళ్ళ వయసులో ఒక పోటీలో నాలుగో రౌండు చివర అతను కొట్టిన దెబ్బకి అవతలి కుర్రాడు పడిపోయి, ఆసుపత్రిలో పోయాడు. గంటకి ముందే దెబ్బ పడిందని రిఫరీ చెప్పాడు. గంట కొట్టాక కొట్టాడని కొందరన్నారు. ఆ రౌండులో తన కంట్లోకి నెత్తురు కారి, చెవుల్లో హోరు తప్ప ఇంకేం వినపడలేదు దున్నకి. గంట తను విన్నాడో లేదో తనకే తెలీదు. ముందే కొట్టాను అని తనకి తాను చెప్పుకుని, గ్లవ్స్ విప్పేసి, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పనిలో చేరాడు. మళ్ళీ ఎవరిమీదా చెయ్యెత్తలేదు. కోచ్ చనిపోయాక ఆయన పెట్టెలో ఈ క్యాసెట్టు దొరికింది. దాన్ని చూడకుండా ఉండలేకపోయాడు.

తమ్ముడు బూజు కూడా తుడవలేదు. డెక్కులో తోసి, టేపు బొమ్మని కంప్యూటర్లోకి పట్టే చవక డబ్బా ఒకటి తగిలించి, అటు టేపు తిరుగుతుంటే ఇటు కుదిస్తూ పట్టాడు. అదీ చివరి రౌండు మాత్రమే. దాన్ని దున్న ఫోనులో వేసిచ్చాడు, క్యాసెట్టు షాపులోనే ఉండిపోయింది. అక్కడితో ఆగినా బావుండేది. 'దున్న కుమ్ముడు' అని పేరు పెట్టి ఆ ముక్కని స్నేహితుల ఫోన్లకి పంపాడు.

ఫోన్ల మీద ఫోన్లు దాటి అది ఒక వెల్డరు చేతిలో పడింది. చనిపోయిన కుర్రాడికి ఈ వెల్డరు సొంత తమ్ముడు. అందులో గంట మోగడం చెవికి స్పష్టంగా వినపడుతుంది. మోగాక దున్న ఎడమచెయ్యి అడ్డంగా వస్తుంది. అన్న తల తిరిగిపోతుంది.

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు జారే బల్ల దగ్గర నిలబడున్నాడు దున్న. తనూ అప్పటికే ఆ ముక్క చూసున్నాడు. తిండి మానేసి ఉన్నాడు. వెల్డరు ఇనప రాడ్డుతో వచ్చి, "గంట తరవాత కొట్టావురా," అన్నాడు.

"అవును. చూశాను," అన్నాడు దున్న.

"ఏ చెయ్యి?"

దున్న ఎడమచెయ్యి చాపి బల్లమీద పెట్టాడు, తడి ఐసు పక్కన. పక్కవాళ్ళు పట్టుకునేలోపు రాడ్డు మూడుసార్లు దిగింది. మొదటి దెబ్బకి ఎముక విరిగింది. రెండో దానికి చర్మం చీలింది. మూడోది తగిలేవరకూ కూడా అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదని, ఐసుమీద నెత్తురు గడ్డకట్టి ఎర్ర గాజులా నిలిచిపోయిందని, చూసినవాళ్ళు చాలా రోజులు చెప్పుకున్నారు. పోలీసులకి మాత్రం దిమ్మ జారి పడిందని చెప్పాడు దున్న.

క్యాసెట్టక్క ఆసుపత్రినుంచి తిరిగొచ్చి షాపు తెరిచిన ఉదయం దున్న గుమ్మంలో నిలబడ్డాడు. మోచెయ్యి దాటి పిండికట్టు.

"అక్కా, నా క్యాసెట్టు ఇచ్చెయ్యి. కాల్చేస్తాను."

"కూర్చో ముందు. ఏమయిందయ్యా ఆ చేతికి?"

చెప్పాడు. దాచుకునే ఓపిక లేక ఉన్నదంతా చెప్పాడు. తమ్ముడు బల్ల వెనక వైర్లు చుట్టడంలో మునిగిపోయాడు. ఆ వైర్లు అప్పటికే చుట్టి ఉన్నాయి.

ఆమె దున్న ఫోను తీసుకుని ఆ ముక్క పెట్టింది. ఒకసారి చూసింది. రెండోసారి గంటనీ దెబ్బనీ వదిలేసి, రింగు వెనక మొదటి వరసలో ఉన్న జనాన్ని చూసింది. ఒక లావుపాటాయన చప్పట్లు కొడుతున్నాడు. అరచేతులు ఇంకా ఎడంగా ఉన్నాయి. చప్పుడు మాత్రం ముందే వచ్చేస్తోంది.

ఆమె ఫోను బోర్లా పెట్టింది.

"ఎల్లుండి మధ్యాహ్నం రా," అంది. "క్యాసెట్టు మాత్రం ఎవరికీ ఇవ్వను. నీక్కూడా."

అతను వెళ్ళాక తలుపు దగ్గరకేసి తమ్ముడి వైపు తిరిగింది.

"దీన్ని ఎలా పట్టావురా?"

"అందరికీ పట్టినట్టే."

"తిరుగుతుండగా కుదించావు. కంప్యూటరు తట్టుకోలేక ధ్వని తునకలు జారవిడిచింది. బొమ్మ ఆగినచోట పాత బొమ్మనే మళ్ళీ అతికించుకుంది. చివరికొచ్చేసరికి చప్పుడు బొమ్మకంటే ముందు పరిగెడుతోంది. గంట ముందే వినపడక ఏం చేస్తుంది? కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

తమ్ముడు ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, విను. టేపు ఎలాగూ పోతోంది. నేను తిప్పినప్పుడే పొర రాలింది. పాడైపోయిందని చెప్పేద్దాం. ఎవడికి తెలుస్తుంది? వాడి చెయ్యి ఎలాగూ విరిగింది, మళ్ళీ అతుక్కుంటుంది. ఇది తప్పు కాపీ అని తెలిస్తే ఆ రాడ్డు ఇక్కడికి వస్తుంది. నా మీదికి."

"తెలుసు."

"తెలిసీ?"

ఆమె వాడి కనుబొమ వంక చూసింది. చూసి కళ్ళు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె క్యాసెట్టు మరలు విప్పింది. లోపల తెల్లగా బూజు. స్పిరిట్ తడిపిన గుడ్డతో టేపుని జానెడు జానెడు చొప్పున తుడుస్తూ ఒక చక్రంనుంచి రెండో చక్రానికి చుట్టింది. గుడ్డమీదికి గోధుమరంగు పొడి వస్తోంది. ఆ పొడిలోనే బొమ్మ ఉంటుంది. రాలిన మేరకి బొమ్మ పోయినట్టే. ఇంక ఒక్కసారి తిరుగుతుంది, బహుశా.

మధ్యాహ్నం వెల్డింగు షాపుకి నడిచింది. కోత పెట్టిన చోట ఇంకా పీకుతోంది. వెల్డరు నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని కిటికీ ఊచలు అతుకుతున్నాడు. నిప్పురవ్వలు ఆమె చెప్పులదాకా ఎగిరాయి.

"మీ అన్న టేపు నా దగ్గరుంది," అంది.

అద్దం దించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చూశానుగా."

"నువ్వు చూసింది తప్పు. ధ్వని జరిగిపోయింది."

"ఓహో. దున్నగాడు పంపాడా నిన్ను?"

"నన్ను పంపేవాడు ఇంకా పుట్టలేదు."

"కంప్యూటర్లో పులిని పిల్లిని చేస్తారు మీరు. రెండ్రోజుల్లో గంటని వెనక్కి జరిపి చూపిస్తావు. నేను నమ్మాలి."

"అందుకే నిన్ను రమ్మంటున్నా. రేపు మధ్యాహ్నం. డెక్కునుంచి నేరుగా టీవీకి పెడతాను, మధ్యలో కంప్యూటరు ఉండదు. నీ కళ్ళముందే తిరుగుతుంది. కంప్యూటరు పక్కనుంచి పట్టుకుంటుంది, అంతే. ఆ తరవాత ఆ టేపు ఇక తిరగదు. రాకపోతే నీ ఇష్టం. తరవాత నన్ను తిట్టుకోకు."

"వాడూ ఉంటాడా?"

"ఉంటాడు."

"అయితే రాడ్డు తెస్తాను."

"తెచ్చుకో. నా షాపుకి గొడుగు తెచ్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు."

మర్నాడు ఆమె పెద్ద డిస్కు మొత్తం ఖాళీ చేసింది. ఏ రకం ఫైలు పెట్టాలో తమ్ముడు మళ్ళీ అడిగాడు. అలవాటు కొద్దీ అడిగాడో, ఆశ కొద్దీ అడిగాడో.

"ఏమీ పారేయనిది. మడతే, కత్తిరింపు లేదు. ధ్వని కూడా కుదించకు. టేపు మీద ప్రతి బొమ్మా రెండు సగాలుగా ఉంటుంది, బేసి గీతలు ముందు, సరి గీతలు తరవాత. రెండూ ఉండాలి. నునుపు చేస్తానని వాటిని కలిపేయకు. ఆ రెండు సగాల మధ్య కూడా కొంత కాలం గడుస్తుంది."

"చివరి రౌండు చాలుగా? మొత్తం పడితే డిస్కంతా మింగేస్తుంది."

"మొదట్నుంచీ. దీన్ని గబగబా ముందుకి తిప్పితే తెగుతుంది."

దున్న ముందొచ్చాడు, గోడవార కూర్చున్నాడు. వెల్డరు రాడ్డు పట్టుకునే వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. తమ్ముడు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పారిపోవడానికి వీలుగా.

ఆమె డెక్కు మీట నొక్కింది. తెరమీద గీతలు ఎగిరి, సర్దుకుని, రింగు కనపడింది. మొదటి మూడు రౌండ్లూ గదిలో ఎవరూ కదల్లేదు. కంప్యూటరు పంకా మాత్రం హోరుమంటోంది. ఆమె చూపు తెరమీద లేదు. కంప్యూటరు పట్టకుండా వదిలేసిన బొమ్మల లెక్క చూపించే చిన్న గడిమీద ఉంది. అక్కడ సున్నా. సున్నాగానే ఉంది.

నాలుగో రౌండు. చివర ఇద్దరూ తాళ్ళ దగ్గరికి చేరారు. చెయ్యి వచ్చింది, తల తిరిగింది, గంట మోగింది. లేదా గంట మోగింది, తల తిరిగింది. రెప్పపాటు. కన్ను ఒకటి చెప్పేలోపు చెవి ఇంకోటి చెప్పింది.

"చూశారా? తరవాతే!" అని లేచాడు వెల్డరు. తెరమీద అన్న కట్టెలా పడ్డాడు. పడ్డచోట కాళ్ళు కొట్టుకుంటున్నాయి. వెల్డరు వెనక్కి తిరిగి దున్న కడుపులో తన్నాడు. దున్న గోడకి కొట్టుకుని జారాడు, పిండికట్టు అడ్డంపెట్టలేదు. వెల్డరు మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ పొర్లి బల్ల కాలికి తగిలారు. బల్లతోపాటు డెక్కు కదిలింది. తెరమీద బొమ్మ చిరిగింది.

ఆమె డెక్కుమీద బోర్లా పడింది. కోత పెట్టిన చోట మూత అంచు దిగి కళ్ళు బైర్లు కమ్మాయి. అలా పడుండే వెనక్కి కాలు విసిరింది. మడమ వెల్డరు చెవికింద తగిలింది.

"నా బల్ల తాకితే చంపేస్తాను!" అంది. గొంతు అరిచినట్టు లేదు. అందుకే కాబోలు, అతను వదిలాడు.

కింద డెక్కు గరగరమని, టేపు దాన్ని చదివే హెడ్డుకి అంటుకుని, తెర తెల్లటి మంచులా అయిపోయింది. ఆమె అప్పుడు లేచి ఆపింది. టేపు లోపల జిగురులా ముద్దకట్టింది. ఇక అది తిరగదు.

"కూర్చోండి," అంది. దున్న పెదవి చిట్లి నెత్తురు గడ్డంమీదికి కారుతోంది. హెడ్డు తుడిచే గుడ్డ ఒకటి విసిరింది. "ఇప్పుడు నెమ్మదిగా చూద్దాం. ధ్వని తీసేస్తున్నా. ధ్వనిని నేను జరిపానంటావుగా. మూగబొమ్మనే చూడు."

ఫైలు తెరిచింది. నాలుగో రౌండు చివర. ఒక్కో సగం బొమ్మా ముందుకి జరుపుతూ పోయింది. గ్లవ్ గాల్లో. గ్లవ్ ఇంకా దగ్గరికి. చెమట చుక్కలు.

"కింద ఎడమవైపు మూల చూడు. తాళ్ళ కింద."

ఫోనులో ఆ మూల నల్లటి ముద్ద. కుదించేటప్పుడు చీకటిగా ఉన్నచోట ఏముంది లెమ్మని మొదట పారేసేది అక్కడే. ఇక్కడ ఆ చీకట్లో ఒక బల్ల ఉంది. బల్లమీద గంట. గంటమీదికి ఎత్తిన ఒక చెయ్యి, చేతిలో చిన్న సుత్తి.

ఆమె ఇంకో సగం జరిపింది. గ్లవ్ దవడకి తాకింది. సుత్తి గాల్లోనే ఉంది.

ఇంకోటి. తల పూర్తిగా పక్కకి తిరిగిపోయింది, నోట్లోంచి పళ్ళకి పెట్టుకున్న అడ్డు ఎగిరి బయటికొచ్చింది. సుత్తి గాల్లోనే.

మరి కొన్ని జరిపాక సుత్తి గంటమీద పడింది.

వెల్డరు తెరకి ముక్కు ఆనేంత దగ్గరికి వచ్చాడు. "మళ్ళీ."

వెనక్కి జరిపి మళ్ళీ చూపించింది. మళ్ళీ అన్నాడు. అలా అతని అన్న ఎన్నిసార్లు ఆ దెబ్బ తిన్నాడో. ప్రతిసారీ సుత్తి ఆలస్యంగానే దిగింది.

దున్న గోడకి తల ఆనించి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు. నెత్తురూ చీమిడీ కలిసిపోయాయి.

"మరి ఆ మొదటిది చేసిందెవరు?" అన్నాడు వెల్డరు, తెరమీంచి చూపు తిప్పకుండానే.

"షాపు నాది. నేనే," అంది ఆమె.

తమ్ముడు గుమ్మంవైపు ఒకడుగు జరిగాడు.

"కాదక్కా," అన్నాడు దున్న. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. క్యాసెట్టు నేనిచ్చింది ఇతని చేతికి."

లేచాడు. పాతికేళ్ళ వయసులో దించిన తల మళ్ళీ అలాగే దించి మూడడుగులు వేశాడు. తమ్ముడు గడప దాటబోయాడు. దున్న విరగని చేత్తో భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు.

"బాబ్బాబు, సరదాకి..." అంటున్నాడు తమ్ముడు.

కుడిచెయ్యి ఒక్కసారి కదిలింది. తమ్ముడు ఖాళీ క్యాసెట్ల దొంతరమీద వెల్లకిలా పడ్డాడు. ప్లాస్టిక్కు పటపటా పగిలింది. నోట్లోంచి పన్ను ఒకటి నేలమీద దొర్లింది. దున్న తన పిడికిలి వంక చూసుకుని, అది వేరేవాళ్ళదైనట్టు వెనక్కి దాచుకున్నాడు.

ఆమె కదల్లేదు. ఆ దెబ్బ వాడిదే. అడ్డుపడాలని లోపల ఒకటి లేచింది, దాన్ని కూర్చోబెట్టింది.

కానీ వెల్డరు రాడ్డెత్తాడు. ఒక మనిషి చెయ్యి ఊరికే విరగ్గొట్టిన మొహం అది, ఆ బరువు ఎవరిమీదో ఒకరిమీద దించాలి. అప్పుడు ఆమె తమ్ముడికీ రాడ్డుకీ మధ్య వచ్చి నిలబడింది. చేతులు కూడా ఎత్తలేదు.

"వాడిది వాడికి ముట్టింది. ఇక చాలు."

"తప్పుకో."

"తప్పుకోను. విరగ్గొట్టాలంటే అదిగో, నా డెక్కు. దాన్ని కొట్టు. ఆ చవక డబ్బా కూడా ఉంది, దాన్నీ కొట్టు."

వెల్డరు కొట్టాడు. డెక్కు మూత ఒక దెబ్బకి సొట్టపోయింది, ఇంకో దెబ్బకి లోపలికి దిగింది. హెడ్డు చక్రం ఊడి బల్లకిందికి పోయింది. అలాంటిది ఇంకోటి దొరకదు. ఆమెకి తెలుసు. చేతులు నొప్పెట్టి ఆయాసం వచ్చేదాకా కొట్టి, రాడ్డు జారవిడిచి, అతను కూలబడ్డాడు.

వీధిలోంచి తొంగిచూసిన జనాన్ని ఆమె లేచి తరిమి, తలుపు మూసింది. తమ్ముడికి చెంబుతో నీళ్ళిచ్చింది. వాడు పుక్కిలించి ఎర్రగా ఉమ్మాడు.

"ఐసు కావాలక్కా," అన్నాడు ముద్దముద్దగా.

"ఐసు ఫ్యాక్టరీ ఆయన్నే అడుగు."

దున్న నవ్వబోయాడు. పెదవి చీలిన చోట పట్టేసింది.

వెల్డరు నేలమీదనుంచే అడిగాడు. "ముందు రౌండ్లు కూడా ఉన్నాయా ఆ ఫైల్లో? ఇందాక గంటకోసమే కాచుక్కూర్చున్నా, అన్నని చూడనేలేదు."

"అన్నీ ఉన్నాయి."

"నేనప్పుడు చిన్నవాణ్ణి. లోపలికి రానివ్వలేదు నన్ను." రాడ్డుని కాలితో పక్కకి నెట్టాడు. "పెట్టక్కా."

ఆమె మొదట్నుంచి పెట్టింది. ధ్వని కూడా పెట్టింది. జనం ఈలలు, తాళ్ళ కిర్రుమనే చప్పుడు. లావుపాటాయన చేతులు కలిసినప్పుడే చప్పట్లు వినపడుతున్నాయి. తెరమీద ఒక సన్నటి కుర్రాడు గంతులేస్తూ వచ్చి దున్న మొహంమీద రెండు వరసగా కొట్టి, తిరిగి దెబ్బ అందేలోపు పక్కకి తప్పుకున్నాడు. చాలా వేగం. దున్న తల దించుకుని ముందుకి వస్తున్నాడు, కుర్రాడు కొడుతున్నాడు, దున్న కనుబొమమీద నెత్తురు చిమ్మింది.

"అబ్బా," అన్నాడు వెల్డరు, పిడికిలి బిగించి. "చూడు ఎలా తప్పుకుంటున్నాడో!"

"మూడు రౌండ్లూ మీ అన్నవే," అన్నాడు దున్న. "ఇదిగో, ఇక్కడ చూడు. ఇప్పుడు పక్కటెముకల్లో వేస్తాడు. పడింది చూశావా? నెలరోజులు ఊపిరి సరిగా ఆడలేదు నాకు."

"మళ్ళీ వేశాడు!"

"వేస్తాడు. ఇంకోటి కూడా ఉంది."

రెండో రౌండు, మూడో రౌండు. వెల్డరు మోకాళ్ళమీద లేచి కూర్చున్నాడు. ఒకసారి అతని మోచెయ్యి దున్న పిండికట్టుకి తగిలింది. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. ఆ కట్టుకి మళ్ళీ తగలకుండా కాస్త ఎడంగా జరిగాడు.

మూడో రౌండు గంట మోగింది. తెరమీద అన్న తన మూలకి వెళ్ళి స్టూలుమీద కూర్చున్నాడు. ఎవరో మొహంమీద నీళ్ళు చల్లారు. అతను తల విదిలించి, కెమెరా వైపు చూసి, పళ్ళు కనపడేలా నవ్వాడు.

"ఇక్కడ ఆపెయ్యక్కా," అన్నాడు వెల్డరు.

ఆమె ఆపింది.